కాలితో తొక్కే మాప్ బకెట్టా, కర్ర నొక్కితే తిరిగేదా? మన ఇళ్ళకు ఏది నిలుస్తుంది?

సాగరతీరం_ఇల్లాలు (విశాఖ):
నాలుగేళ్ళుగా వాడుతున్న మా తొక్కుడు మాప్ బకెట్ మొన్న ఆదివారం మొరాయించింది. పెడల్ తొక్కితే కిందికి పోతోంది కానీ పైకి రావడం లేదు. వేలితో లేపి మళ్ళీ తొక్కితే మాప్‌ను తిప్పి పిండే బుట్ట అర చుట్టు తిరిగి ఆగిపోతోంది. తలకిందులు చేసి చూస్తే అడుగున స్ప్రింగు తుప్పు పట్టి రెండు ముక్కలైంది. షాపులో అడిగితే స్ప్రింగు విడిగా దొరకదు, కొత్త బకెట్ తీసుకోండి అన్నారు.

మావారేమో ఈసారి పెడల్ లేనిది కొందామంటారు. కర్రను కిందికి నొక్కితే బుట్ట దానంతట అదే తిరుగుతుంది కదా, అది. ధర కూడా తక్కువ. నాకు మాత్రం పెడల్ ఉన్నదే సరైన పద్ధతి అనిపిస్తుంది. మా అత్తగారికి 68 ఏళ్ళు, మోకాళ్ళు అరిగాయి. నేల మీద కూర్చుని తడిగుడ్డ పెట్టలేరు. భుజం బలం పెట్టడం కూడా ఆవిడకు కష్టమే. కాలితో తొక్కడం ఒక్కటే ఇన్నాళ్ళూ సుళువుగా చేసుకున్నారు. మీ ఇళ్ళలో ఏది ఎన్నాళ్ళు నిలిచిందో, ఎందుకు పాడైందో చెప్పండి.

గేర్ల_మూర్తి (బాలానగర్):
అమ్మా, మీవారి మాటే సరైనది. నేను ప్లాస్టిక్ అచ్చుల పనిలో ఇరవై ఏళ్ళుగా ఉన్నాను. మా ఇంట్లో పాడైన తొక్కుడు బకెట్‌ను పూర్తిగా విప్పి చూశాను కాబట్టి చెబుతున్నా.

పెడల్ కింద పళ్ళున్న ఒక ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది. తొక్కగానే ఆ పళ్ళు చిన్న గేరును తిప్పుతాయి, ఆ గేరు బుట్ట ఇరుసును తిప్పుతుంది. మధ్యలో సైకిల్ ఫ్రీవీల్ లాంటిది ఒకటి ఉంటుంది. అది ఉండబట్టే కాలు ఎత్తినప్పుడు పెడల్ ఒక్కటే వెనక్కి వస్తుంది, బుట్ట తిరుగుతూనే ఉంటుంది. పెడల్‌ను పైకి లేపేది స్ప్రింగు. ఇన్ని భాగాలూ నీళ్ళ తొట్టి అడుగునే ఉంటాయి. ఇరుసు చుట్టూ ఉన్న సీలు కొంచెం అరిగినా మురికినీళ్ళు, ఫినాయిలు, వెంట్రుకలు అన్నీ లోపలికే. బోరునీళ్ళు వాడితే తెల్లటి సున్నపు పొర కూడా పేరుకుంటుంది. మీది సముద్రపు గాలి ఉన్న ఊరు, స్ప్రింగు నాలుగేళ్ళు నిలవడమే ఎక్కువ.

కర్ర నొక్కేదానిలో ఈ యంత్రమంతా కర్రలోకి పోయింది. గొట్టం లోపల మెలితిప్పిన ఊచ ఉంటుంది. పైనుంచి నొక్కితే ఆ మెలిక వల్ల కింది భాగం గిర్రున తిరుగుతుంది. బకెట్లో ఒక మేకు మీద నిలబడ్డ బుట్ట తప్ప ఇంకేమీ ఉండదు. నీళ్ళున్నచోట యంత్రం లేదు, యంత్రం ఉన్నచోట నీళ్ళు లేవు. డిజైన్ అంటే అదీ.

పద్మ_కొండాపూర్:
మూర్తిగారూ, యంత్రం సంగతి చెప్పారు, మరి నొక్కే మనిషి సంగతి? నాకు రెండేళ్ళ కిందట కుడి భుజం పట్టేసింది. చెయ్యి వెనక్కి పోయేది కాదు, జడ వేసుకోవడానికి కూడా మా అమ్మాయి సాయం కావలసి వచ్చేది. అప్పుడు మా ఇంట్లో ఉన్నది ఈ కర్ర నొక్కేదే. మూడు గదుల ఇల్లు తుడవాలంటే కనీసం పదిసార్లు ముంచి పిండాలి. పిండిన ప్రతిసారీ నాలుగైదు నొక్కులు, అంటే నలభై యాభై. ఒక్కో నొక్కు భుజంలో సూదిలా దిగేది. యంత్రం చెడిపోకపోవడం ఒక్కటే చూస్తే ఎలాగండీ?

గేర్ల_మూర్తి (బాలానగర్):
మీ బాధ నిజం, కాదనను. కానీ ఎక్కువమంది అవసరానికి మించి నొక్కుతారు. నీటిని బయటికి తోసే బలం వేగానికి వర్గంగా పెరుగుతుంది, అంటే వేగం రెండింతలైతే బలం నాలుగింతలు. బుట్ట అంచు మధ్యనుంచి 10 సెంటీమీటర్లు ఉండి, నిమిషానికి 300 చుట్లు తిరిగితే అంచు దగ్గర నీటి మీద పడే బలం దాని బరువుకు సుమారు 10 రెట్లు. 600 చుట్లయితే 40 రెట్లు. అందుకని నెమ్మదిగా ఎనిమిది సార్లు నొక్కడం కంటే గట్టిగా మూడుసార్లు నొక్కడం మేలు.

పద్మ_కొండాపూర్:
గట్టిగా నొక్కలేకే కదండీ నెమ్మదిగా నొక్కేది! మీ లెక్కే నా మాటకు సాక్ష్యం. వేగం కావాలంటే బలం కావాలి, ఒంట్లో బలమున్న భాగం కాలు.

ఓరుగల్లు_శ్రీను:
ఈ చర్చలో ఒక మాట ఎవరూ అనలేదు, అందుకే రాస్తున్నా. మా అమ్మ హన్మకొండలో నాలుగు ఇళ్ళల్లో పని చేస్తది. ఒక ఇంట్లో తొక్కుడు బకెట్, ఒక ఇంట్లో కర్ర నొక్కేది, రెండు ఇళ్ళల్లో తడిగుడ్డ. కొనేది ఇంటివాళ్ళు, వాడేది మా అమ్మ. ఏది మంచిదో ఆమెను ఎవరూ అడగలేదు. నిన్న నేను అడిగిన.

తొక్కుడు బకెట్ గురించి మొదట పాదం చూపించింది. మన ఇళ్ళల్లో చెప్పులు వేసుకుని ఎవరూ తుడవరు కదా. పెడల్ మీద జారకుండా గీతలు గీతలుగా ప్లాస్టిక్ గట్లు పెట్టారు. బూటు వేసుకున్న కాలికి అది మంచిదే. ఉత్త కాలికి, అదీ గంటలకొద్దీ నీళ్ళల్లో నానిన కాలికి, ఆ గట్లు కోసుకుంటయి. అమ్మ మడమలకు పగుళ్ళున్నయి. మడమతో తొక్కితే పగుళ్ళల్లోకి ఫినాయిలు నీళ్ళు పోయి భగ్గుమంటదని, వేళ్ళ కింది మెత్తటి భాగంతో తొక్కుతది. ఆ పెడల్ వెడల్పు నాలుగు వేళ్ళు కూడా లేదు. కాలు జారితే చీలమండ బకెట్ అంచుకు కొట్టుకుంటది. ఆ మచ్చ కూడా చూపించింది. చీర కుచ్చిళ్ళు పెడల్ సందులో పడకుండా ఎడమచేత్తో ఎత్తి పట్టుకుంటదట. కర్ర ఒక చేత్తో, చీర ఒక చేత్తో, ఒంటికాలి మీద.

కర్ర నొక్కేది ఇంకా ఘోరం అన్నది. తుడిచేటప్పుడు కర్ర దిగిపోకుండా బిగించే మూత అరిగిపోయిందట. కొంచెం ఒత్తి తుడిస్తే చాలు, కర్ర లోపలికి దిగి కుచ్చు గిర్రున తిరుగుతది. అందుకని ఒత్తకుండా పైపైన తుడవాలె. అప్పుడు మరక పోలేదని మాట పడాలె.

"రెండిట్లో ఏదమ్మా?" అంటే, "తొక్కుడుదే, కానీ పెడల్ అరచెయ్యంత చేస్తే" అన్నది.

సాగరతీరం_ఇల్లాలు (విశాఖ):
శ్రీనుగారూ, చదువుతుంటే గొంతు పట్టేసింది. మా ఇంట్లో పెడల్ గట్ల గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు. అత్తగారిని అడిగితే, "నేను పాత కాలిపట్టా మడిచి పెడల్ మీద వేసుకుంటాగా" అన్నారు. నాలుగేళ్ళుగా అలాగే చేస్తున్నారట.

రామారావు_తెనాలి:
ఇవన్నీ టీవీ ప్రకటనలు చూసి కొనే సరుకులు. మా అమ్మ నాపరాళ్ళ ఇల్లంతా బకెట్ నీళ్ళు, ఒక పాత పంచె ముక్కతో అద్దంలా తుడిచేది. చేత్తో పిండిన గుడ్డలో ఎంత తడి ఉందో చేతికి తెలుస్తుంది. మూలలు, గడప సందులు, మంచం కోళ్ళ కింద, ఏ మాపూ ఆ పని చేయలేదు.

లావణ్య_ఫిజియో:
రామారావుగారూ, పనితనం సంగతి ఒప్పుకుంటాను, ఒంటి సంగతి ఒప్పుకోను. రోజూ మోకాళ్ళ మీద వంగి తుడిచేవాళ్ళకు మోకాలి చిప్ప ముందుండే పల్చటి నీటితిత్తి వాచిపోతుంది. ఇంగ్లీషులో ఆ జబ్బుకు వాడుక పేరే 'హౌస్‌మెయిడ్స్ నీ', అంటే పనమ్మాయి మోకాలు. తడిగుడ్డను మెలితిప్పి పిండటం వల్ల బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన ఉండే నరాల్లాంటి పట్టీలు ఒరుసుకుని నొప్పి పుడుతుంది. నా దగ్గరికి వచ్చే ఆడవాళ్ళలో ఆ నొప్పి చాలా చూస్తాను. నెలల పిల్లల్ని ఎత్తుకునే తల్లులు ఇంట్లో గుడ్డలు కూడా పిండుతుంటే మరీ ఎక్కువ.

పెడల్ గురించి ఒక జాగ్రత్త. తడి నేల మీద ఒంటికాలిపై నిలబడటం అరవై దాటినవాళ్ళకు ప్రమాదం. కర్రను ఊతకర్రలా నమ్ముకోకూడదు, ఎందుకంటే అది తిరుగుతోంది. గోడ పక్కన బకెట్ పెట్టుకుని ఒక చెయ్యి గోడకు ఆనించాలి.

పాత_కాగితాలు:
రామారావుగారు టీవీ సరుకు అన్నారు కాబట్టి కొంచెం వెనక్కి వెళ్దాం. చెయ్యి తడపకుండా మాప్ పిండాలన్న ఆలోచన 130 ఏళ్ళ నాటిది. అమెరికాలో థామస్ స్టూవర్ట్ అనే నల్లజాతి ఆవిష్కర్త 1893లో కర్రకే మీట పెట్టి గుడ్డను పిండే మాప్‌కు పేటెంట్ తీసుకున్నాడు. స్పెయిన్‌లో 1956లో మాన్యువెల్ హలోన్ అనే విమాన ఇంజనీరు జరగోసా నగరంలో కర్ర మాప్, రోలర్లున్న బకెట్ తయారు చేయించాడు. అమెరికాలో విమానాల షెడ్లను నిలబడి తుడవడం చూసి ఆ ఆలోచన తెచ్చుకున్నాడట. అప్పటిదాకా అక్కడి ఆడవాళ్ళూ మన అమ్మల్లాగే మోకాళ్ళ మీద తుడిచేవాళ్ళు. తర్వాత రోలర్లు పోయి, చిల్లులున్న గరాటు లాంటి ప్లాస్టిక్ బుట్ట వచ్చింది. అందులో కుచ్చును పెట్టి, నొక్కి మెలితిప్పడమే. తుప్పు పట్టే భాగం ఒక్కటీ లేదు. దానికి 'ఫ్రెగోనా' అని పేరు, ఇప్పటికీ స్పెయిన్‌లో ఇంటింటా ఉంటుంది. తిరిగే బుట్ట తైవాన్ నుంచి వచ్చింది, మొదట్లో అది పెడల్‌దే.

రమ_డల్లాస్:
ఇక్కడ మా ఇంట్లో చెక్క ఫ్లోరింగ్. తడి ఎక్కువైతే చెక్క ఉబ్బుతుంది, కాబట్టి కుచ్చు దాదాపు పొడిగా రావాలి. పెడల్ బకెట్ ఆ పని బాగా చేస్తోంది. ఐదేళ్ళయింది, ఏమీ కాలేదు. కాకపోతే శ్రీనుగారి పోస్టు చదివాక తెలిసింది, నేను ఇంట్లో చెప్పులు వేసుకునే తొక్కుతున్నాను. పైగా వారానికి ఒక్కసారే తుడుస్తాం. ఐదేళ్ళంటే 260 సార్లు. మన దగ్గర రోజూ తుడిచే ఇంట్లో తొమ్మిది నెలలు కూడా నిండకుండానే అన్ని సార్లూ అయిపోతాయి. అంచేత నా అనుభవం మీకు కొలమానం కాదు.

గేర్ల_మూర్తి (బాలానగర్):
రెండు రోజులు ఆలోచించి రాస్తున్నాను. శ్రీనూ, మీ అమ్మగారి మాట నన్ను బాగా కదిలించింది. నేను అచ్చు వైపునుంచే చూశాను, పాదం వైపునుంచి చూడలేదు. పెడల్ వద్దు అన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇప్పుడున్న పెడల్ వద్దు అంటాను.

నాకు కనిపించిన పెద్ద తప్పు, పెడల్ బకెట్ అంచు దాటి బయటికి పొడుచుకు రావడం. నీళ్ళతో కలిపి బకెట్ బరువు 7 కిలోలు, ఆ బరువు మధ్యభాగం అంచునుంచి 20 సెంటీమీటర్ల లోపల, పెడల్ అంచుకు 8 సెంటీమీటర్ల బయట అనుకోండి. ఏడు ఇరవైలు నూట నలభై, దాన్ని 8తో భాగిస్తే పదిహేడున్నర. అంటే పదిహేడున్నర కిలోల బలంతో తొక్కితే బకెట్ అవతలి వైపు లేస్తుంది. నీళ్ళు సగమై బరువు నాలుగున్నర కిలోలకు దిగితే 11 కిలోలకే లేస్తుంది. నిలబడి తొక్కేటప్పుడు అంత బలం మనకు తెలియకుండానే పడుతుంది. అందుకే పని చివర్లో, నీళ్ళు తగ్గాక బకెట్ ఒరగడం ఎక్కువ. జనం తాము సరిగ్గా తొక్కలేదనుకుంటారు. తప్పు వాళ్ళది కాదు.

పెడల్‌ను బకెట్ పీట లోపలికే తేవాలి. లేదా అడుగంటా తొక్కినప్పుడు దాని చివర నేలకు ఆనేలా చేయాలి, అప్పుడు ఆ బలం నేల మోస్తుంది. గట్ల బదులు మెత్తటి రబ్బరు పలక, అరచెయ్యంత వెడల్పు. స్ప్రింగు స్టెయిన్‌లెస్ స్టీలుది, బయటినుంచి రెండు స్క్రూలు విప్పితే చేతికి వచ్చేలా. ఖర్చు పెరుగుతుంది. అచ్చు ఖర్చు ఒకసారే, రబ్బరు, స్ప్రింగులకు ఒక్కో బకెట్ మీద పెరిగేది పెద్ద మొత్తమేమీ కాదు.

పద్మ_కొండాపూర్:
ఇంకొకటి కలపండి మూర్తిగారూ. పిండిన మురికినీళ్ళు మళ్ళీ అదే తొట్టిలో పడతాయి, మూడో గది తుడిచేసరికి మురికితోనే మురికి తుడుస్తున్నట్టు ఉంటుంది. పిండే బుట్ట కింద విడిగా అర ఉండాలి. నీళ్ళు వదలడానికి అడుగున బిరడా ఉండాలి. బకెట్ ఎత్తి బాత్‌రూమ్‌లో వంచడంతో నడుం పోతోంది.

రామారావు_తెనాలి:
లావణ్యమ్మా, మీరు రాసింది మా ఆవిడకు చదివి వినిపించాను. బొటనవేలి దగ్గర నొప్పి ఆవిడకు మూడేళ్ళుగా ఉందట. నాకు చెప్పలేదు. గడపలు, మూలలు ఇకనుంచి నేను తుడుస్తాను. మిగతాదానికి ఏ బకెట్ కొనాలో మీరంతా తేల్చండి.

సాగరతీరం_ఇల్లాలు (విశాఖ):
నిన్న అత్తగారిని షాపుకు తీసుకెళ్ళాను. ఉన్న ఐదు రకాల్నీ కింద పెట్టించి, చెప్పులు విప్పి తొక్కి చూశారు. షాపు కుర్రాడు స్టూలు వేశాడు కానీ కూర్చోలేదు. ఖాళీ బకెట్ తొక్కగానే రెండు ఒరిగాయి, మూర్తిగారు చెప్పినట్టే. ఒకదానిలో పెడల్ పీటలోకే ఉంది, కదల్లేదు. అడుగున స్క్రూలు కనిపిస్తున్నాయి. పలక మాత్రం గట్లదే. మిగతావాటికంటే రెండు వందలు ఎక్కువ, తీసుకున్నాం.

ఇంటికి రాగానే మావారు పాత సైకిల్ ట్యూబ్ ముక్క కోసి పెడల్‌కు చుట్టి అతికించారు. పొద్దున అత్తగారు గోడకు చెయ్యి ఆనించి హాలంతా తుడిచారు. కాలిపట్టా అవసరం పడలేదు. శ్రీనుగారూ, మీ అమ్మగారు పనిచేసే ఇంట్లో పెడల్‌కు కూడా ఇలా చుట్టవచ్చేమో వాళ్ళను అడగండి.

ఓరుగల్లు_శ్రీను:
అడగడం ఎందుకక్కా, ట్యూబు ముక్క నిన్ననే కోసిచ్చిన. వాళ్ళు కూడా సరే అన్నరు. అమ్మ రేపు వేసుకుంటది. ఎట్లుందో చెప్తా.