మిరప కోతల కాలంలో బడి మానేస్తే 75 శాతం హాజరు సరిపోతుందా?

కనిగిరి మేనమామ (ప్రశ్న):

మాది పడమటి ప్రకాశంలో కనిగిరి పక్కనున్న మెట్ట పల్లె. మా చెల్లెలి కొడుకు ఏడో తరగతి చదువుతున్నాడు. సంక్రాంతి దాటగానే మా చెల్లెలూ ఆమె భర్తా ఊళ్లో సగం మందితో కలిసి గుంటూరు వైపు మిరప కోతలకు వెళ్లి, ఉగాది దాకా అక్కడే గుడిసె వేసుకుని ఉంటారు. ఈసారి పిల్లవాణ్ని కూడా తీసుకువెళ్తామంటున్నారు. ఏడాదికి 220 పనిదినాలైతే 55 రోజులు మానినా 75 శాతం హాజరు నిలుస్తుందనీ, పిల్లల్ని బడికి పంపే తల్లులకు ప్రభుత్వం ఇచ్చే 'తల్లికి వందనం' డబ్బుకు ఢోకా ఉండదనీ మా చెల్లెలి లెక్క. వాడు చురుకైనవాడే, తర్వాత చదువుకుంటాడులే అని నాకూ అనిపిస్తోంది. అనుభవమున్నవారు చెప్పగలరు.

ఆత్మకూరు లెక్కల మాస్టారు:

అయ్యా, ఆ లెక్క కాగితం మీద సరైనదే. కానీ జూన్ నుంచి వచ్చిన జ్వరాలకూ, పెళ్లిళ్లకూ, తిరునాళ్లకూ మానిన రోజులు అందులో కలపలేదు. అవి ఓ పది ఉన్నా 75 శాతం దాటదు. అది పక్కన పెట్టండి. ఆ 75 శాతం ప్రభుత్వం డబ్బు వేయడానికి పెట్టిన హద్దే గానీ, అంత వస్తే పాఠం వచ్చినట్టేనని ఎవరూ అనలేదు.

ఏడాది పొడవునా అక్కడొకటి ఇక్కడొకటి పోయిన రోజులను పక్కవాడి నోటుపుస్తకం చూసి పూడ్చుకోవచ్చు; వరుసగా తొమ్మిది వారాలు పోతే మాత్రం ఆ మధ్యలో చెప్పిన పాఠంతో పాటు దాని మీద ఆధారపడిన తర్వాతి పాఠాలూ పోతాయి. నా తరగతిలో ఒక పిల్లవాడు నిష్పత్తి, శాతం చెప్పిన రోజుల్లో రాలేదు. తిరిగి వచ్చాక బారువడ్డీ లెక్క ఇస్తే బోర్డు ముందు సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఇంట్లో 'నూటికి రెండు రూపాయల వడ్డీ' అన్న మాట వాడు రోజూ వినేదే. అదే నెలకు రెండు శాతమని, ఏడాదికి ఇరవైనాలుగని పలక మీద పెట్టడం మాత్రం తెలియలేదు. వాడికి తెలివి లేదని తోటి పిల్లలు అనుకున్నారు. నిజానికి వాడికి లేనివి ఆ మూడు వారాలే.

ఒకప్పటి కూలిబిడ్డ:

అన్నగారూ, నేను ఆరో తరగతిలో అలాగే వెళ్లాను. పిల్లలను పనికి పెట్టబోమనే చెబుతారు, కానీ కాయ కోస్తున్న అమ్మ పక్కన ఊరికే కూర్చునే పిల్లవాణ్ని నేనెక్కడా చూడలేదు. సాయంత్రానికి వేళ్ల సందుల్లో మంట, ఆ చేత్తోనే కళ్లు నులుముకుంటే మరో మంట; కొబ్బరినూనె రాసుకుని పడుకుంటే పుస్తకం తీసే మాటే ఉండదు. తిరిగి బడికి వెళ్లిన రోజు హాజరు పిలుస్తుంటే నా పేరు దగ్గర సారు తలెత్తి చూశారు, పిల్లలు నవ్వారు. ఆ నవ్వుకు భయపడి మర్నాడు మానేశాను, ఆ వారమంతా మానేశాను. కోతలకు పోయిన రోజుల కన్నా ఆ సిగ్గుతో పోయిన రోజులే నన్ను ఎక్కువ వెనక్కి లాగాయి.

ఆత్మకూరు లెక్కల మాస్టారు:

ఆ సోదరుడు చెప్పింది అక్షరాలా నిజం. ఇప్పుడు దారుల సంగతి చెబుతాను. వలస వెళ్లేవారి పిల్లల కోసం సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ బడి చదువుల పథకం కింద సీజనల్ హాస్టళ్లు నడిపే ఏర్పాటు ఉంది; మీ దగ్గర ఉందో లేదో ప్రధానోపాధ్యాయుణ్నీ, ఎంఈవో (మండల విద్యాధికారి) కార్యాలయాన్నీ డిసెంబరులోనే అడగండి, బండి ఎక్కే రోజున కాదు. తప్పనిసరిగా తీసుకువెళ్లాల్సి వస్తే అక్కడి ప్రభుత్వ బడిలో చేర్చండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఏ కారణం మీదైనా బడి మారే హక్కు ఉంది, టీసీ (పాత బడి ఇచ్చే బదిలీ పత్రం) ఆలస్యమైందన్న సాకుతో చేర్చుకోకుండా ఉండకూడదు. మధ్యాహ్నం భోజనం కూడా అక్కడే దొరుకుతుంది. అయితే కొత్త బడి, కొత్త పంతులు అంటే పిల్లవాడికి కుదురుకోవడానికే పదిహేను రోజులు పడుతుంది కనుక, నన్నడిగితే ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర ఉంచడమే మేలు.

కనిగిరి మేనమామ:

మాస్టారూ, ధన్యవాదాలు. మా అమ్మకు కళ్లు సరిగా కనిపించవని ఇన్నాళ్లూ ఆ మాట ఎత్తలేదు. నిన్న అడిగితే, 'వాడికి అన్నం వండిపెట్టడానికి కళ్లెందుకురా, పొద్దున్నే లేపడానికి నువ్వు రా చాలు' అంది. మా ఇల్లు రెండు వీధుల అవతలే. మా చెల్లెలు ఇంకా ఒప్పుకోలేదు, కొడుకును వదిలి రెండు నెలలు ఉండలేనంటోంది. ఆదివారం కూలీలను కోతలకు తీసుకువెళ్లే మేస్త్రీ అడ్వాన్సు ఇవ్వడానికి వస్తాడట; అంతకు ముందే హాస్టల్ సంగతి కూడా కనుక్కుని మళ్లీ రాస్తాను.