యాషాబాము, యోషేబెష్షెబెతు: ఏ అర్థం రాయాలి?

బైబిల్లోని దావీదు రాజు పరాక్రమశాలుల హీబ్రూ పేర్లకు అర్థాలు రాసుకుంటున్నాను. బెనాయా (యెహోవా కట్టాడు), ఎలియాజరు (దేవుడు సహాయం చేశాడు), అశాహేలు (దేవుడు చేశాడు) సులువుగానే తేలాయి. చిక్కంతా జాబితాలో మొదటివాడితోనే. 2 సమూయేలు 23:8లో అతను యోషేబెష్షెబెతు, 1 దినవృత్తాంతములు 11:11లో యాషాబాము. మొదటి రూపాన్ని విడదీస్తే ‘పీఠం మీద కూర్చున్నవాడు’ అని వస్తోంది, అది పేరులా లేదు, హోదాలా ఉంది. కొన్ని గ్రీకు ప్రతులలో ‘బాల్’తో (కనానీయుల దేవుడి పేరు) ముగిసే రూపముంది. సౌలు కుమారుడు ఎష్బయలు పేరులో ‘బాల్’ బదులు ‘బోషెతు’ (సిగ్గు) పెట్టగా ఇష్బోషెతు అయినట్టే ఇక్కడా జరిగిందనుకుంటే యోషేబెష్షెబెతు సంగతి తేలుతుంది, యాషాబాము తేలదు. హీబ్రూ చదివినవారు చెప్పగలరా: యాషాబాము చివరనున్న ‘ఆమ్’ను ‘జనం’ అనే తీసుకోవాలా, ‘బాల్’ మారగా వచ్చిన రూపం అనుకోవాలా?