కేజ్ కల్చర్ వల్ల సముద్రంలో ప్లాంక్టన్ రుతుక్రమం మారుతోందా?

అలజడి:
తీరంలో కేజ్‌లు కట్టి చేపలు పెంచితే ప్లాంక్టన్ (నీళ్లలో తేలే సూక్ష్మజీవులు) ఏ రుతువులో ఏది పెరగాలన్న క్రమమే తారుమారవుతుందని కొందరు, ఏమీ కాదని కొందరు. మీరేమంటారు?

గాలివాటం:
ఏమీ కాదనేవాళ్లలో నేనొకణ్ణి. కేజ్ పక్కనా, కిలోమీటరు అవతలా క్లోరోఫిల్ (ప్లాంక్టన్‌లోని పచ్చటి పదార్థం) కొలిస్తే చాలాచోట్ల పెద్ద తేడా రాదు. జపాన్‌లోని సెటో ఇన్‌లాండ్ సీలో 1972లో రెడ్ టైడ్ (ప్లాంక్టన్ విపరీతంగా పెరిగి నీళ్లు ఎర్రబారడం) వచ్చి కోటీ నలభై లక్షల ఎల్లోటెయిల్ చేపలు పోయాయి. అక్కడ పోషకాలు ఎక్కువగా వచ్చింది ఫ్యాక్టరీల నుంచి, నగరాల మురుగు నుంచి. చచ్చిందీ కేజ్ చేపలే, నిందా వాటికేనా?

సూక్ష్మదర్శిని:
క్లోరోఫిల్ దగ్గరే ఆగిపోతే లెక్క తప్పుతుందండీ. ఎంత పచ్చదనం ఉందో అది చెబుతుంది గానీ, ఎవరి పచ్చదనమో చెప్పదు. పైగా పెరిగింది పెరిగినట్టే చిన్న జీవులు మేసేస్తే అసలు కనబడదు. తూర్పు మధ్యధరా సముద్రంలో కేజ్‌ల దగ్గర నీటిని పోషకాలు మాత్రమే దూరే పొర సంచుల్లో నింపి వేలాడదీశారు. మేసే జీవుల్ని వడగట్టేసిన సంచుల్లో క్లోరోఫిల్ పెరిగింది. ఎరువు పడుతూనే ఉందన్నమాట.

ఇక రుతువుల సంగతి. చల్లటి తీరాల్లో చలికాలపు గాలులకు అడుగునీరు పైకి కలిసి, వసంతంలో డయాటమ్‌లు (గాజు పెంకుండే ప్లాంక్టన్) విరగబడి పెరుగుతాయి. వేసవికి పైనీటిలో నైట్రేట్, సిలికా రెండూ అడుగంటుతాయి. సరిగ్గా అప్పుడే నీళ్లు వెచ్చబడి చేపలకు ఆకలెక్కువై, మేత పెంచుతారు. మొప్పల్లోంచి నైట్రోజన్ అమ్మోనియా రూపంలో నేరుగా నీళ్లలో కలుస్తుంది. సిలికా మాత్రం ఆ దారిన పెద్దగా రాదు. డయాటమ్‌కి గాజు పెంకు కట్టుకోవడానికి నైట్రోజన్‌తో ఇంచుమించు సమానంగా సిలికా కావాలి. పెంకు అక్కర్లేకుండా తోకలతో ఈదే ఫ్లాజెల్లేట్‌లకు ఇక పండగే. స్లైడ్ మీద చుక్క వేసి చూస్తే తెలిసిపోతుంది: వసంతంలో గాజు గొలుసుల్లా పడి ఉండేవి పోయి, తోకలాడిస్తూ గిరగిరా తిరిగేవి వస్తాయి. కేజ్‌లు లేకపోయినా ఈ మార్పు కొంత జరిగేదే. కేజ్‌లు దాన్ని సాగదీస్తాయన్నదే నా వాదన.

గాలివాటం:
మరి ప్రవాహం మాటేమిటి? డయాటమ్ ఒకటి రెండవ్వడానికి దాదాపు రోజు పడుతుంది. ఆటుపోట్లకు ఆలోపే నీళ్లు మారిపోయే చోట ఇదంతా ఎప్పుడు జరుగుతుంది?

సూక్ష్మదర్శిని:
అక్కడ జరగదు, ఒప్పుకుంటాను. కానీ నీళ్లు రోజుల తరబడి నిలిచే ఇరుకు అఖాతాలూ ఉన్నాయి కదా, ఏడాది సగటు చూపించి వాటినీ ఇదే గాటన కట్టేయొద్దు. వేసవి నమూనాలు విడిగా తీసి, జాతుల వారీగా లెక్కపెట్టి పెట్టండి. అప్పుడు మాట్లాడదాం.

అలజడి:
అంటే ఇన్నాళ్లూ ఇద్దరూ వేర్వేరు అంకెల మీద కొట్లాడుతున్నారన్నమాట!