అప్‌డేట్: ప్లాస్టిక్ కేసులోని కామిక్స్‌కు స్కానర్ దొరికింది

గ్రేడింగ్ (పుస్తకం ఎంత బాగున్న స్థితిలో ఉందో నిపుణులతో అంచనా) చేయించి ప్లాస్టిక్ కేసులో సీల్ చేసిన కామిక్స్‌ను స్కాన్ చేస్తే ముఖచిత్రం మసకగా వస్తోందని, ఏ స్కానర్ కొనాలని అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

లోపమంతా సెన్సర్‌దే. నా పాత స్కానర్‌లో ఉన్నది సీఐఎస్ రకం. అది గాజుకు ఆనుకున్న కాగితాన్నే స్పష్టంగా చూస్తుంది. కేసు మందం వల్ల పుస్తకం కొన్ని మిల్లీమీటర్లు పైకి లేచినా అక్షరాలు అలుక్కుపోతాయి. సీసీడీ రకంలో అద్దాలు, లెన్సు ఉంటాయి కాబట్టి కాస్త ఎత్తులో ఉన్నదీ స్పష్టంగానే పడుతుంది. అందుకే సీసీడీ రకం స్కానర్ ఎప్సన్ వీ600 తీసుకున్నాను. మొదటి స్కాన్‌లోనే ముద్రణలోని రంగు చుక్కలు విడివిడిగా కనిపించాయి. ఎంత సంతోషం వేసిందో!

ఒక చిక్కు మిగిలింది. కేసు సుమారు 13 అంగుళాల పొడవు, స్కానర్ గాజు 11.7 అంగుళాలే. కేసు అంచు చట్రం మీదికి ఎక్కి ఒకవైపు వాలుతోంది. రెండో వైపునా అంతే ఎత్తు పెట్టి సమం చేస్తున్నాను. మూత పూర్తిగా పడదు, పైన నల్లగుడ్డ కప్పుతున్నాను. స్కాన్ స్పష్టతకు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) నాకు సరిపోతోంది. కేసును ముందుగా మెత్తని గుడ్డతో తుడవండి, ప్రతి గీతా స్కాన్‌లో కనిపిస్తుంది.