నంబరు తెలియని సూట్‌కేస్ తాళాన్ని పగలగొట్టకుండా తెరవడం ఎలా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మూడు అంకెల నంబర్ లాక్ ఉన్న సూట్‌కేస్ ఒకటి మా ఇంట్లో ఏళ్ల తరబడి తెరవకుండా ఉండిపోయింది. నాన్నగారు రాసిన ఉత్తరాలు, కొన్ని పాత దస్తావేజులు అందులోనే ఉన్నాయి. నంబరు పెట్టిన మా అమ్మగారు అది 374 అని గట్టిగా చెబుతున్నారు గానీ, ఆ అంకెలు పెట్టి మీట జరిపితే జిప్పు కొనలు బయటికి రావడం లేదు. చక్రాల పక్కన చిన్న తాళంచెవి రంధ్రం కూడా ఉంది, అయితే దానికి తాళంచెవి ఇచ్చినట్టు ఎవరికీ గుర్తు లేదు. సూట్‌కేస్ పాడైనా ఫర్వాలేదు. కోసేటప్పుడు బ్లేడు తగిలి కాగితాలు చిరుగుతాయేమోనన్నదే నా భయం. వేరే మార్గం తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పండి.

మొదటి జవాబు

తాళంచెవి కోసం వెతకడం మానేయండి. ఆ రంధ్రం పక్కన టీఎస్‌ఏ అన్న అక్షరాలు ఉంటే, అది అమెరికా విమానాశ్రయాల్లో సామాను తనిఖీ చేసే భద్రతా సిబ్బంది కోసం పెట్టినదని అర్థం. ఆ తాళంచెవిని సూట్‌కేస్ కొన్నవారికి ఇవ్వరు.

మీ అమ్మగారి జ్ఞాపకాన్ని మాత్రం అప్పుడే కొట్టిపారేయకండి. నంబరు మార్చుకోవడానికి ఈ తాళాల్లో ఒక చిన్న బొత్తామో మీటో ఉంటుంది. తాళం తెరిచి ఉన్నప్పుడు సామాను ఒత్తిడికి అది నొక్కుకుపోయి, అదే సమయంలో ఏదో ఒక చక్రం కాస్త జరిగిందంటే, జరిగిన అంకే కొత్త నంబరులో చేరిపోతుంది. కాబట్టి 374కు పొరుగున ఉన్నవాటిని ముందు చూడండి: మొదటి చక్రంలో 2, 3, 4, రెండవ దానిలో 6, 7, 8, మూడవ దానిలో 3, 4, 5. అన్నీ కలిపినా 27 నంబర్లే. ఆపైన వరుస తారుమారై ఉండవచ్చు కనుక 347, 437, 473, 734, 743 కూడా చూడండి. కొత్త తాళాలు సాధారణంగా 000 మీదే వస్తాయి, దాన్నీ వదలవద్దు. ప్రతిసారీ జిప్పు కొనలను బొటనవేలితో లోపలికి నొక్కి పట్టి మీట జరపండి. అవి బయటికి లాగుతూ ఉంటే నంబరు సరైనదే అయినా మీట బిగుసుకుపోవచ్చు.

రెండవ జవాబు

పైవారు చెప్పినవేవీ పనిచేయకపోయినా దిగులు పడనక్కరలేదు. 000 నుంచి 999 వరకు ఉన్నవి 1000 నంబర్లే. ఒక్కోదానికి రెండు సెకన్లు వేసుకున్నా మొత్తం 35 నిమిషాలలోపు పని. మొదటి రెండు చక్రాలను కదపకుండా, మీట మీద తేలికగా వేలు ఆనించి, మూడవ చక్రాన్ని ఒక్కొక్క అంకె చొప్పున తిప్పుతూ పోవాలి. వేలి ఒత్తిడి ఎక్కువైతే చక్రాలు పట్టేసి అంకెల మధ్యలో ఆగుతాయి, సరైన నంబరు చేతికి తెలియకుండానే దాటిపోతుంది. అందుకే వేగం కన్నా నిదానం ముఖ్యమని నా అభిప్రాయం. ప్రతి వంద పూర్తి కాగానే కాగితం మీద రాసుకుంటే, మధ్యలో ఆపినా మళ్లీ మొదటికి రావలసిన అవసరం ఉండదు. ఈ పద్ధతి చక్రాల తాళాలకే సుమా; ఎలక్ట్రానిక్ లాకర్లలో చాలా వరకు కొన్ని తప్పు ప్రయత్నాల తర్వాత కాసేపు ఏ నంబరునూ తీసుకోవు.

మూడవ జవాబు

ఇంకొక ఉపాయం ఉంది, అన్ని తాళాలకూ పనికిరాదు గానీ చూడదగినది. టార్చి వెలుగులో చక్రానికీ దాని చట్రానికీ మధ్యనున్న సన్నని సందులోకి చూస్తూ చక్రాన్ని నెమ్మదిగా తిప్పండి. కొన్ని తాళాల్లో లోపలి ఇరుసు పక్కన ఒక గాడి ఒక్క అంకె దగ్గర మాత్రమే కనిపిస్తుంది. మూడు చక్రాల గాడులనూ ఒకే వైపుకు తెచ్చి మీట జరపండి. తెరుచుకోకపోతే మూడింటినీ కలిపి ఒక్కొక్క అంకె ముందుకు జరుపుతూ పోండి, ఎందుకంటే గాడి ఏ వైపుకు ఉన్నప్పుడు తాళం వదులుతుందన్నది తయారీని బట్టి మారుతుంది. పది స్థానాలు దాటి చూడవలసిన పని లేదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. పొరుగు నంబర్లలోనే 384 దగ్గర తెరుచుకుంది. ఉత్తరాలన్నీ భద్రంగా ఉన్నాయి, అమ్మగారు వాటిని చదువుకుంటున్నారు. ఇప్పుడు నంబరును మళ్లీ 374కు మార్చడం ఎలాగో కూడా చెప్పగలరా?

మొదటి జవాబు ఇచ్చినవారు

చాలా సంతోషం. తాళం తెరిచి ఉండగానే, 384 మీద ఉంచి, నంబరు మార్చే బొత్తాన్ని పెన్ను మొనతో నొక్కండి. అది చక్రాల పక్కన చిన్న రంధ్రంలోనో, సూట్‌కేస్ లోపలి వైపు అస్తరు వెనకో ఉంటుంది. 374 పెట్టి, బొత్తాన్ని మునుపటి స్థితికి తీసుకురండి. కొన్నింటిలో మీట జరపగానే అదే బయటికి వస్తుంది. జిప్పు కొనలు ఇంకా బయటే ఉండగా చక్రాలను చెదరగొట్టి, మళ్లీ 374 పెట్టి, మీట కదులుతుందో లేదో చూసుకున్న తర్వాతే మూయండి.