భక్తి నేర్పాలంటే ఒళ్లంటే సిగ్గు కూడా నేర్పాల్సిందేనా?

అనంతపురం_అమ్మ:
మాది పెంతెకొస్తు క్రైస్తవుల ఇల్లు. బొట్టు, పూలు, నగలు లేవు. వాటి గురించి నాకు ఇప్పటికీ బాధ లేదు. నా గొడవ వేరే. చిన్నప్పుడు తలుపు వేసుకున్నా సరే, లంగా గుండెల మీదికి కట్టుకుని దాని మీదే నీళ్లు పోసుకోవాలి. సబ్బు కూడా తడి గుడ్డ కింద నుంచే రుద్దుకోవాలి, కిందికి చూడకూడదు. అలా పెరిగి పెరిగి, ఒళ్లంటేనే పాపం అని మనసులో పడిపోయింది. పెళ్లయ్యాక రొమ్ములో గడ్డ చేతికి తగిలింది. నోరు రాక చాలా కాలం మా ఆయనకు కూడా చెప్పలేదు. ఫైబ్రోఅడినోమా, అంటే క్యాన్సర్ కాని గడ్డ అని తేలింది కాబట్టి సరిపోయింది.

కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఆరో అధ్యాయంలో దేహం పరిశుద్ధాత్మకు ఆలయమని ఉంది కదా. మరి ఆలయాన్ని చూసి మొహం తిప్పుకోవడం ఏమిటి?

ఇప్పుడు నా కూతురు ఆరో తరగతి. మా అమ్మ దానికీ అదే స్నానం నేర్పుతోంది. వద్దంటే "పిల్లను లోకంలో పడేస్తావా" అంటోంది. మీరేమంటారు?

గుత్తి_బ్రదర్:
అక్కా, వచనం సగమే చెప్పారు. దానికి ముందు వచనమే "జారత్వమునకు దూరముగా పారిపోవుడి". ఆ పత్రిక రాసిన పౌలు ఆలయం అన్నది హద్దు గురించి. ఇంకో మాట. మా సంఘంలో ఏ ఆడపిల్లనూ నల్లగా ఉన్నావని గానీ లావుగా ఉన్నావని గానీ ఎవరూ అనరు. రీల్స్ చూసి మా చెల్లెలే తనను తాను అనుకుంటోంది, అన్నం తినడం మానేసింది. మరి ఏ సిగ్గు ఎక్కువ చెడగొట్టింది?

ఉరవకొండ_వాసి:
ఇది వచనాలతో తేలేది కాదప్పా. మేం లింగాయతులం. పంచసూతకాలు, అంటే ఐదు రకాల మైల, లేవని పన్నెండో శతాబ్దంలోనే బసవన్న దారిలో తీసేశారు, ముట్టు మైల కూడా అందులోదే. అయినా మా జేజి ఆ మూడు రోజులూ మా అమ్మను వసారాలో గోనెపట్ట మీద కూర్చోబెట్టేది. మెడలో ఇష్టలింగం అట్లే ఉండేది, మైలా అట్లే ఉండేది! మతం వద్దన్నదాన్ని ఊరు తెచ్చి పెట్టింది. బైబిలు తిరగేసి మీ అమ్మను మార్చొచ్చు అనుకోవద్దు.

గుంతకల్లు_జంక్షన్:
అందరూ ఆడపిల్లల గురించే. మగపిల్లల సంగతో? నేను చదివిన హాస్టల్లో బ్రహ్మచర్యం పాఠాలు గట్టిగా ఉండేవి. ఒక చుక్క వీర్యం పోతే నలభై చుక్కల రక్తం పోయినట్టేనని భయపెట్టేవాళ్లు. నిద్రలో అయిపోతే, ఆ వయసులో అది మామూలేనని చెప్పే దిక్కు లేదు. అందరూ లేవకముందే నిక్కరు ఉతుక్కుని, తడిదే తొడుక్కుని ప్రార్థనలో కూర్చునేవాణ్ణి.

రైలు పట్టాల పక్క గోడల మీద "నరాల బలహీనత" అని రాసి లాడ్జి పేరు వేసే వైద్యుల వ్యాపారం నడిచేది ఈ భయం మీదే. వీర్యం పోతోందన్న బెంగతోనే నీరసం, గుండెదడ, నిద్ర పట్టకపోవడం వస్తాయి. దీనికి 1960లో మానసిక వైద్యుడు ఎన్.ఎన్. విగ్ ధాత్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. మందులు అమ్మేవాళ్లు ఈ మాట చెప్పరు కదా.

గుత్తి_బ్రదర్:
అన్నా, మగపిల్లల విషయం ఒప్పుకుంటా. ఎవరో ఒకరు చెప్పాలి. ఆడపిల్లల దగ్గర మాత్రం నా మాట మార్చను.

పల్లె_నర్సు:
ఏఎన్‌ఎంగా చేస్తున్నా. 30 నుంచి 65 ఏళ్ల ఆడవాళ్లకు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్ పరీక్షలు చేయాలి. నోరు తెరవమంటే తెరుస్తారు. రొమ్ము అనేసరికి "పొయ్యి మీద పాలు పెట్టొచ్చినా మేడం" అని లేస్తారు. ఒప్పుకున్నవాళ్లు కూడా కొంగు మొహం మీద కప్పుకుని పడుకుంటారు. హిందూ, ముస్లిం, క్రైస్తవ తేడా ఏం లేదు.

బ్రదర్ గారూ, హద్దు వద్దని ఎవరన్నారు? ఒంటి గురించి మాట్లాడడమే తప్పనుకునే పిల్ల, ఎవడైనా చెయ్యి వేస్తే ఇంట్లో ఎలా చెబుతుంది? పిల్లల మీద లైంగిక నేరాలకు 2012లో పోక్సో చట్టం వచ్చింది, పిల్లల సాయానికి 1098 ఫోన్ నంబరుంది. ఫోన్ చేసినా, చెప్పడానికి ముందు నోరు పెగలాలి కదా. బడి సైన్సు పుస్తకాల్లో కౌమార దశ పాఠం ఉంది, దాన్ని కూడా "మీరే చదువుకోండి" అని దాటేస్తారు కొందరు టీచర్లు.

అనంతపురం_అమ్మ:
ఉరవకొండ అన్న చెప్పింది నిజం. అమ్మతో వచనాల వాదన మానేస్తా. ప్రార్థన, వాక్యం అమ్మ నేర్పనీ. స్నానం, డాక్టరు, ముట్టు విషయాలు నావి, అందులో అమ్మ మాట చెల్లదు. రెండు రోజులు అలుగుతుంది, అలగనీ. ఆ కౌమార దశ పాఠం పిల్లతో నేనే కూర్చుని చదువుతా.

బ్రదర్, రీల్స్ గురించి మీరన్నది కాదనను. కానీ మీ చెల్లెలు అన్నం మానేసిందంటే తేలిగ్గా తీసుకోవద్దు. డాక్టరుకు చూపించారా?

గుత్తి_బ్రదర్:
రానంటోంది అక్కా. డాక్టరు మగాయన, ముట్టుకుని చూస్తాడని.

పల్లె_నర్సు:
లేడీ డాక్టరు ఉండే రోజు కనుక్కుని తీసుకెళ్లండి. మీ అమ్మగారిని కూడా వెంట పంపండి. వచ్చే వారం, పై వారం అనొద్దు.