ఉపవాసం ఆయనది, వంట నాది: ఇలా దేవునికి దగ్గరవుతామా?

కూర్మన్నపాలెం చెల్లి (చర్చ మొదలుపెట్టినవారు):

అందరికీ వందనాలు. మా సంఘంలో ఏటా జనవరిలో 21 రోజుల ఉపవాస ప్రార్థనలు జరుగుతాయి. దానియేలు మూడు వారాలు రుచిగల తిండి, మాంసం, ద్రాక్షారసం ముట్టలేదు కదా (దానియేలు 10), ఆ లెక్కన. ఈసారి వాట్సాప్ గ్రూపులో పేర్ల జాబితా మొదలుపెట్టారు. పొద్దున్నే మన పేరు పక్కన దణ్ణం బొమ్మ పెడితే ఆ రోజు ఉపవాసమని అర్థం. పెట్టనివాళ్లెవరో కూడా అందరికీ తెలిసిపోతుంది. ఆఖరి ఆదివారం పూర్తి చేసినవాళ్లను లేచి నిలబడమంటారు, అందరూ చప్పట్లు కొడతారు.

మావారు నిలబడతారు. నేను నిలబడలేను. ఆయన సాయంత్రం ఆరింటికి ఉపవాసం విడుస్తారు, ఆరింటికల్లా వేడి ఇడ్లీ, బొంబాయి చట్నీ సిద్ధంగా ఉండాలి. పొద్దున పిల్లల క్యారేజీలు, మధ్యాహ్నం అత్తగారికి అన్నం, మళ్లీ సాయంత్రం ఈ పలహారం. నేనూ ఉపవాసం మొదలుపెట్టాను. పోపు వేస్తూ వేస్తూ కళ్లు తిరిగి పొయ్యి గట్టు పట్టుకున్న రోజున మానేశాను. అప్పటి నుంచి "ఏం సిస్టర్, విశ్వాసం తగ్గిందా" అని ఒకరిద్దరు అడిగారు. ఇప్పుడు షుగర్ మాత్రలు వేసుకునే మా అత్తగారు కూడా జాబితాలో పేరు రాయమంటున్నారు.

ఉపవాసం వద్దని నేననడం లేదు. మా అమ్మ గుడ్ ఫ్రైడే నాడు పచ్చి మంచినీళ్లు ముట్టకుండా ప్రార్థించేది. కానీ ఇలా చేస్తే నిజంగా దేవునికి దగ్గరవుతామా?

బి షిఫ్ట్ బ్రదర్:

జాబితాను తప్పు పట్టకండి చెల్లీ. పర్వత ప్రసంగంలో యేసు ఉపవాసం రహస్యంగా ఉండమన్నమాట నిజమే (మత్తయి 6). కానీ బైబిల్లో కలిసి చేసిన ఉపవాసాలే ఎక్కువ కనపడతాయి. సీయోనులో బాకా ఊది ఉపవాసదినం ప్రకటించమని యోవేలు చెప్పాడు. బాకా ఊదాక ఇంకేం రహస్యం? నీనెవెలో రాజు చాటింపు వేయించాడు, పశువులక్కూడా మేత, నీళ్లు పెట్టలేదు. అంతియొకయ సంఘం ఉపవాసం ఉండి ప్రార్థించాకే బర్నబాను, సౌలును పంపింది (అపొ. కార్యములు 13). మొదటి క్రైస్తవుల బోధల పుస్తకం డిడాకే అయితే వారాలు కూడా చెప్పింది: సోమ, గురువారాలు కాదు, బుధ, శుక్రవారాలు. ఊరంతటికీ తెలిసిన రోజులే కదా అవి.

నేను ప్లాంటులో పని చేస్తాను. బి షిఫ్ట్ దిగేసరికి రాత్రి పది. క్యాంటీన్‌లో పక్కవాడు బిర్యానీ పొట్లం విప్పినప్పుడు ఒంటరిగా ఉంటే నేను నిలబడలేను. గ్రూపులో అవతల ఇంకో నలభై మంది ఉన్నారని తెలిస్తే నిలబడతాను. నాకు జాబితా ఉపయోగం అదే.

పాత బాప్టిస్టు:

బ్రదర్, కలిసి ఉపవాసం ఉండటం వేరు, హాజరు వేయడం వేరు. మీ ప్లాంటులో పంచింగ్ ఎందుకు పెట్టారు? జీతం కోయడానికి. ఈ జాబితా కూడా ఆ పనే చేస్తోంది. ఆ చెల్లిని విశ్వాసం తగ్గిందా అని అడిగారే, అది కోతే.

వారానికి రెండుసార్లు ఉపవాసం ఉంటున్నానని దేవాలయంలో నిలబడి గొప్పగా చెప్పుకున్న పరిసయ్యుడి (ధర్మశాస్త్రాన్ని గట్టిగా పాటించే యూదుడి) కథ లూకా 18లో చదవండి. ఆయన కూడా నిలబడే చెప్పాడు!

ఇంకో సంగతి. 1522లో స్విట్జర్లాండ్‌లోని జూరిక్‌లో ఫ్రోషావర్ అనే అచ్చాపీసు యజమాని ఇంట్లో లెంటు (ఈస్టరుకి ముందు వచ్చే ఉపవాస కాలం) రోజుల్లో సాసేజీలు, అంటే మాంసం, తిన్నారు. పెద్ద గొడవైంది. తన పనివాళ్లు రాత్రింబవళ్లు అచ్చు పనిలో ఉన్నారు, ఒట్టి జావతో వాళ్లకి శక్తి రాదని ఆయన వాదన. అక్కడే ఉన్న జ్వింగ్లీ, ఆ ఊళ్లో సంఘ సంస్కరణ నడిపిన బోధకుడు, తను తినలేదు గానీ, తిన్నవాళ్ల పక్షాన ప్రసంగం చేశాడు. ఉపవాసం ఉండాలనుకునేవాడు ఉండొచ్చు, ఇంకొకడి మెడకి చుట్టకూడదు అన్నది ఆయన మాట. మా సంప్రదాయంలో మేము పట్టుకున్నది అదే.

గాజువాక దీవెన:

అన్నలూ, మీరు వాదించుకోండి గానీ ఉపవాసానికి శక్తి ఉంది. మా తమ్ముడికి ఉపవాస ప్రార్థన తర్వాతే వీసా వచ్చింది. సాక్ష్యం కూడా చెప్పాడు.

పాత బాప్టిస్టు:

సంతోషం దీవెనా. అదే కూడికలో కూర్చుని, అన్నే రోజులు ఉపవాసం ఉండి, వీసా రాని అబ్బాయి సంగతేంటి? వాడు మైకు దగ్గరకి రాడు కాబట్టి మనకి తెలీదు. దావీదు రాజు జబ్బుపడిన తన బిడ్డ కోసం ఏడు రోజులు నేలమీద పడి ఉపవాసం ఉన్నాడు. బిడ్డ బతకలేదు. అప్పుడాయన లేచి స్నానం చేసి, దేవుని మందిరానికి వెళ్లి మొక్కి, ఇంటికొచ్చి భోజనం చేశాడు (2 సమూయేలు 12). అడిగింది దొరకలేదు. అయినా నేరుగా మందిరానికే వెళ్లాడు చూశారా, దగ్గరవడమంటే నాకు అక్కడ కనపడుతుంది. వీసాలో కాదు.

జ్ఞానాపురం పాతకాపు:

మా కతోలికుల లెక్క కూడా చెప్తాను. మాకు విభూది బుధవారం (లెంటు మొదటి రోజు), గుడ్ ఫ్రైడే, ఈ రెండు రోజులే తప్పనిసరి ఉపవాసం. అది కూడా ఒక పూట కడుపునిండా, మిగతా రెండు పూటలు కొద్దిగా. 18 నిండినవాళ్లకి మొదలై 59 నిండేసరికి అయిపోతుంది. జబ్బు మనుషులకి మినహాయింపు. మీ పద్ధతితో పోలిస్తే మాది ఇదేం ఉపవాసం అనిపిస్తుంది గానీ, పై హద్దు ఉండటంలో ఒక దయ ఉంది. ఎవరు ఎక్కువ చేశారన్న పోటీ రాదు. అరవై దాటిన మా నాన్నని ఎవరూ లేపి నిలబెట్టలేదు.

రహస్యం గురించి ఒక తమాషా చెప్పనా. విభూది బుధవారం పూజలో చదివే సువార్త మత్తయి 6, ముఖం కడుక్కొని ఉపవాసం ఉండమన్న భాగమే. అది విని, వెంటనే వరసలో నిలబడి, నుదుటి మీద బూడిద పెట్టించుకుని ఆటోలో ఆఫీసుకి వెళ్తాం. ఏళ్ల తరబడి చేస్తున్నాను, ఇప్పటికీ ఈ రెండింటికీ నాకు పొత్తు కుదరలేదు. కడుక్కోను కూడా.

బి షిఫ్ట్ బ్రదర్:

శుక్రవారం మాంసం మానేసి వంజరం పులుసు తినడం కూడా త్యాగమేనా అన్నా? ఫిషింగ్ హార్బర్లో ధర అడిగారా ఈమధ్య?

జ్ఞానాపురం పాతకాపు:

ఆ దెబ్బ ఒప్పుకుంటాను. కొన్ని ఇళ్లలో తపస్సు కాలంలోనే (లెంటులోనే) చేపల ఖర్చు పెరుగుతుంది.

నైట్ డ్యూటీ సిస్టర్:

చెల్లీ, వాదనలు తర్వాత. మీ అత్తగారు వాడే మాత్ర పేరేంటి? గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు మనం తిన్నా తినకపోయినా చక్కెరను దించుతాయి. ఇన్సులిన్ కూడా అంతే. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకి ఆ ప్రమాదం తక్కువ. డాక్టర్ని అడగకుండా పూట మానకూడదు, ఎవరికి వారు మాత్ర కూడా మానకూడదు.

చెమటలు, వణుకు, గుండె దడ, మాట తడబడటం కనిపిస్తే మీటర్ పెట్టి చూడండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంట తర్వాత మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, ఒక ఉపవాస కూడికలో పెద్దావిడ వణికిపోతుంటే చుట్టూ ఉన్నవాళ్లు ఆత్మ దిగిందనుకుని ఇంకా గట్టిగా స్తుతించడం నా కళ్లతో చూశాను. ఆవిడ చీర వెనక భాగమంతా చెమటకి తడిసిపోయి ఉంది. మీటర్ పెడితే చక్కెర బాగా పడిపోయింది. పంచదార నీళ్లు తాగాక మామూలుగా మాట్లాడింది, "కూడిక అయిపోయిందా అమ్మా" అని అడిగింది.

బ్రదర్, మీక్కూడా ఒక మాట. మీ ప్లాంటులో కోక్ ఓవెన్ల (బొగ్గు కాల్చే కొలుముల) వేడి దగ్గర పని చేసేవాళ్లు నీళ్లు మానే ఉపవాసం పెట్టుకోవద్దు. మన విశాఖ ఉక్కపోతలో బయట నిలబడితేనే చొక్కా తడుస్తుంది.

ఎంవీపీ టీచరమ్మ:

ఇంతసేపూ అందరూ జాబితా గురించే మాట్లాడారు. చెల్లి అడిగినదాంట్లో అసలు బాధ జాబితా కాదని నాకనిపిస్తోంది. ఆరింటికి వేడి ఇడ్లీ.

యెషయా 58 తీయండి. మేం ఉపవాసం ఉంటే నీవెందుకు చూడటం లేదని జనం దేవుణ్ణి అడుగుతారు. అక్కడ వచ్చిన మొదటి జవాబు బీదలకి పెట్టమని కాదు, అది తర్వాత వస్తుంది. మీ ఉపవాస దినాన మీ పని మీరు చూసుకుంటూ, మీ కింద పనిచేసేవాళ్లను కష్టపెడుతున్నారన్నది మొదటి జవాబు. అంటే యజమాని ఉపవాసం ఉన్న రోజున పనివాడికి బరువు పెరిగింది. మన ఇళ్లలో ఆ పనివాళ్లు ఎవరు? భార్య, కోడలు, గిన్నెలు తోమే అమ్మాయి. ఉపవాసం ఉన్నాయన చిరాగ్గా ఉంటాడని పిల్లల్ని అరవనివ్వరు. విడిచేటప్పుడు తినేది మామూలు రోజు టిఫిన్ కంటే ఘనంగా ఉంటుంది. ఆకలి ఆయనకి, అరుగుదల ఇంకొకరి ఒంటికి. ఏడో వచనం చివర్లో సొంత రక్తసంబంధికి ముఖం చాటేయొద్దని కూడా ఉంది. ఆ ముక్క ప్రసంగాల్లో నాకెప్పుడూ వినపడలేదు.

రెండో శతాబ్దంలో రోములో పుట్టిన "కాపరి" అనే రచనలో దీనికి పద్ధతి చెప్పారు. ఆ రోజు రొట్టె, నీళ్లు తప్ప ఇంకేమీ ముట్టకు. తినవలసిన భోజనం ఖర్చెంతో లెక్కగట్టి, ఆ డబ్బు విధవరాలికో, అనాథకో, లేమిలో ఉన్నవాళ్లకో ఇవ్వు. దీని ప్రకారం ఉపవాసం రోజున ఇంటి ఖర్చు తగ్గాలి, వంటింట్లో పని తగ్గాలి. తగ్గకపోతే అది భోజనం వేళ మారడమే.

కాబట్టి నా జవాబు: మీరు పొయ్యి దగ్గర కళ్లు తిరిగి మానేసింది విశ్వాసలోపం కాదు. మీ ఇంట్లో ఉపవాసం ఇద్దరు చేశారు, ఒకరి పేరే లెక్కకొచ్చింది.

గాజువాక దీవెన:

టీచరమ్మా, వంట కూడా సేవే కదా. ప్రార్థించేవాళ్లకి వండిపెట్టినా ఆశీర్వాదమే. మార్త కూడా యేసుకి వండిపెట్టింది.

కూర్మన్నపాలెం చెల్లి:

వండిపెట్టింది దీవెనా, నిజమే. కానీ మార్త సహోదరి మరియ వచ్చి ఆయన పాదాల దగ్గర కూర్చుంటే లేచి వంటింట్లోకి పొమ్మని ఆయన అనలేదు. మార్తకే కాస్త నిదానించమని చెప్పారు. నాకు కూడా ఆ కాసేపు కూర్చునే చోటు కావాలి, అంతే.

మిగతా సంగతులు. అత్తగారి మాత్రల అట్ట చూశాను, గ్లిమిపిరైడే. డాక్టర్ని కలిసేదాకా జాబితాలో పేరు వద్దన్నాను. ఆవిడ బదులుగా రాత్రి సీరియల్ మానేస్తానన్నారు. షరతు ఏంటంటే ఆ అరగంట నేను పక్కన కూర్చుని కీర్తనలు చదివి వినిపించాలి.

మావారికి ఈ చర్చ మొత్తం చూపించాను. యెషయా 58 దగ్గర ఆగి రెండుసార్లు చదివారు. ఏమీ అనలేదు. రేపటి నుంచి ఇడ్లీ వద్దు, చోడి (రాగి) అంబలి చాలు, అదీ నేనే కాచుకుంటానన్నారు. ఉండలు కట్టకుండా కాస్తారో లేదో చూడాలి. జాబితాలోంచి పేరు మాత్రం తీయరట.

బి షిఫ్ట్ బ్రదర్:

తీయక్కర్లేదు. నేనూ తీయను. చివరి రోజున నిలబెట్టి చప్పట్లు కొట్టించడం మాత్రం మా సంఘంలోనూ ఉంది. పాస్టరు అయ్యగారితో ఆ ఒక్కటీ మాట్లాడతాను.

పాత బాప్టిస్టు:

మాట్లాడి ఏమన్నారో ఇక్కడ రాయండి. జాబితా సంగతి అప్పుడు మళ్లీ మొదలుపెడదాం.